తిత్లీ నుంచి విప్పని పై బోల్టు

మొన్న దసరా సెలవుల్లో అమ్మని తీసుకుని చంద్రగిరి వెళ్ళాం, జిరంగ్ దగ్గర టిబెట్ వాళ్ళ మఠం చూడాలని ఆవిడ ఎప్పటినుంచో అంటోంది. మా పర్లాకిమిడి నుంచి రామగిరి, అక్కణ్ణుంచి మోహన వైపు, దారంతా కొండలే. ఎక్కేటప్పుడు బండికి ఏ ఇబ్బందీ లేదు. వచ్చేటప్పుడు ఘాటీ దిగుతుంటే మొదలైంది, ఎడమ ముందు చక్రం దగ్గర సన్నగా కీచుమని శబ్దం, బ్రేక్ తొక్కితే వస్తుంది వదిలేస్తే పోతుంది, ఇంకో నాలుగు మలుపులు తిరిగేసరికి ఆ కీచు కాస్తా గరగర అయిపోయింది, పెడల్ మీద పెట్టిన కాలికి కూడా తెలుస్తోంది. వెనక సీట్లో అమ్మ నిద్రపోతోంది, పక్కన మా ఆవిడ నా మొహం చూస్తోంది గానీ ఏమీ అడగట్లేదు. సెకండ్ గేర్‌లో వేసి, బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ, మధ్యలో రెండు చోట్ల బండి ఆపి చల్లారనిచ్చి మెల్లగా దిగాను. ఇంటికొచ్చాక చక్రం దగ్గర చెయ్యి పెడితే ఎడమ రిమ్ము కాలిపోతోంది, కుడిది గోరువెచ్చగా ఉంది అంతే.

ఆ తేడా చూసినప్పుడే అనుకున్నా, ఇది వట్టి బ్రేక్ ప్యాడ్లు, అంటే చక్రంతో తిరిగే డిస్క్‌ని రెండు వైపులా నొక్కి ఆపే దిమ్మలు, అరిగిపోవడం కాదు అని. ప్యాడ్లు అరిగితే రెండు వైపులా దాదాపు ఒకేలా అరుగుతాయి, ఒక్క చక్రమే అంత కాలుతోందంటే అక్కడ ఏదో పట్టేసింది.

ఏడాదిన్నర కింద ఒక షాపులో ముందు ప్యాడ్లు మార్పించాను. షాపు పేరు ఇక్కడ అనవసరం. అరగంటలో అయిపోయింది సార్ అన్నారు, డబ్బులిచ్చి వచ్చేశాను, అంత తొందరగా ఎలా అయిందో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు నేనే విప్పి చూశాక అర్థమైంది. ప్యాడ్లని పట్టుకుని డిస్క్ మీద నొక్కే భాగం క్యాలిపర్, దానికి వెనకవైపు రెండు బోల్టులుంటాయి, పైనొకటి కిందొకటి. కింది బోల్టు ఒక్కటి తీసేస్తే క్యాలిపర్ తలుపులాగ పైకి లేచిపోతుంది, పాత ప్యాడ్లు లాగి కొత్తవి పెట్టేసి మళ్ళీ దించి బిగించెయ్యొచ్చు. ఈ పద్ధతి తప్పేమీ కాదు, చాలా బండ్లకి అలాగే చేస్తారు. కాకపోతే అలా చేసినప్పుడు పై బోల్టు, దాని వెనక క్యాలిపర్ జారడానికి ఉండే పిన్ను ఎలా ఉన్నాయో చూడాలి కదా. అది ఎవరూ చూడలేదు. నా లెక్క ప్రకారం ఆ పై బోల్టుని తిత్లీ తుఫాను తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

తిత్లీ అంటే ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, మా గజపతి జిల్లా కొండల మీద పడ్డ వానకి మహేంద్రతనయ పొంగిపోయింది. మా వీధిలోకి నీళ్ళొచ్చాయి, బండి రెండు రోజులు చక్రాలు సగం మునిగి నిలబడిపోయింది. ఆ టైమ్‌లో ఇంట్లో బియ్యం, పుస్తకాలు, అమ్మ మందులు ఇవే చూసుకున్నాం, బండి గురించి ఎవరు ఆలోచిస్తారు. తర్వాత ఇంజన్ ఆయిల్ మార్పించాను, సీట్లు ఎండబెట్టాను, స్టార్ట్ అయింది కదా బాగానే ఉంది అనుకున్నాను. బ్రేకుల్లోకి బురదనీళ్ళు వెళ్ళి ఉంటాయన్న ఆలోచనే రాలేదు.

సరే, ఈసారి నేనే చేద్దామని కూర్చున్నాను. ముందు ప్యాడ్ల సెట్టు టెక్కలిలో కొన్నాను. ఎప్పుడైనా ఒక చక్రానికే మార్చకూడదు, కుడి ఎడమ రెండూ కలిపి మార్చాలి, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. బ్రేక్ ఆయిల్ ఒక చిన్న సీసా, డాట్ 4 అనే రకం, కొనేముందు మీ బండిలో బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఏం రాసి ఉందో చూసుకోండి. ఇవి కాక వైర్ బ్రష్, ఉప్పు కాగితం, పిన్నులకి రాసే గ్రీజు. ఈ గ్రీజు దగ్గర షాపులో కాస్త వాదన అయింది. అతను మామూలు పసుపు గ్రీజు తీసి ఇచ్చాడు, ఏ గ్రీజైనా ఒకటే భాయినా అన్నాడు. ఒకటి కాదు. పిన్ను మీద రబ్బరు తొడుగు ఉంటుంది, పెట్రోలియం గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది, ఉబ్బిన రబ్బరు పిన్నుని పట్టేస్తుంది, మనం దేనికోసం గ్రీజు రాశామో అదే పాడవుతుంది. బ్రేకులకని చెప్పి సిలికాన్ గ్రీజు అమ్ముతారు, చిన్న ట్యూబే, అది అడిగి తీసుకోండి.

పొద్దున్నే మొదలుపెట్టాను. మా పెరట్లో నేల సమంగా ఉంటుంది, గచ్చు. వెనక చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, అప్పుడు చక్రం నట్లు కొంచెం వదులు చేశాను, బండి ఇంకా నేల మీద ఉండగానే. జాకీ ఎత్తేశాక వదులు చేద్దామంటే చక్రం తిరుగుతుంది, బండి జాకీ మీద ఊగుతుంది, అది చాలా ప్రమాదం. చక్రం తీశాక ఆ చక్రాన్నే బండి గుమ్మం కింద పడుకోబెట్టాను, జాకీ జారినా బండి చక్రం మీద ఆగుతుంది. స్టాండ్లుంటే ఇంకా మంచిది. వట్టి జాకీ మీదున్న బండి కిందకి మాత్రం చెయ్యి గానీ తల గానీ పెట్టకండి, ఈ ఒక్క మాట మాత్రం నా మీద అభిమానంతో వినండి.

కుడివైపు ముందు చేశాను, ఎందుకంటే అది బాగున్న వైపు, ఎలా ఉండాలో అది చూస్తే తెలుస్తుంది. రెండు బోల్టులూ వచ్చాయి. క్యాలిపర్‌ని బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకుండా పైన స్ప్రింగుకి తీగతో కట్టాను. పిన్నులు చేత్తో లాగితే మెత్తగా జారుతూ బయటికొచ్చాయి. ప్యాడ్లు లోపలిది బయటది రెండూ ఇంచుమించు సమానం, అయిదేసి మిల్లీమీటర్లు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది, మా గుంటడు టార్చి పట్టుకుని ప్రతిదానికీ ఇదేటి నాన్నా అని అడుగుతుంటే చెప్పుకుంటూ చేశాను కాబట్టి అంత, లేకపోతే ఇంకా తక్కువే.

ఎడమవైపు రెండు రోజులు పట్టింది.

కింది బోల్టు వచ్చేసింది. క్యాలిపర్ పైకి లేపుదామంటే లేవదు, పైనున్న పిన్ను దగ్గర బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులూ పెట్టి మెల్లగా అటూ ఇటూ ఆడించి కొంచెం లేపి ప్యాడ్లు లాగాను. లోపలి ప్యాడ్ చూసి నాకు గుండె జారింది. కింద అంచు దగ్గర నాలుగు మిల్లీమీటర్లు ఉంది, పైకి పోయేకొద్దీ అరిగి అరిగి చివర ఇనప రేకు తేలిపోయింది, వాలుగా కోసిన చెక్కలాగ ఉంది. బయటి ప్యాడ్ మాత్రం సగానికి పైగా మిగిలే ఉంది. నేను ఘాటీలో విన్న కీచు, ప్యాడ్‌కి ఉండే చిన్న రేకు నాలుక డిస్క్‌కి తగిలి చేసే చప్పుడు, అరిగిపోయాయి మార్చు అని చెప్పడానికే దాన్ని పెడతారు. తర్వాత వచ్చిన గరగర, ప్యాడ్ వెనకున్న ఇనుమే డిస్క్ మీద గీసుకున్నది.

వాలుగా ఎందుకు అరిగిందో ఇక్కడ చెప్పాలి, ఇది తెలియకపోతే ప్యాడ్లు ఎన్నిసార్లు మార్చినా ఇదే జరుగుతుంది. మన చిన్న కార్లలో పిస్టన్, అంటే ప్యాడ్‌ని తోసే గుండ్రటి దిమ్మ, డిస్క్‌కి లోపలివైపు మాత్రమే ఉంటుంది. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ లోపలి ప్యాడ్‌ని డిస్క్ మీదకి తోస్తుంది, ఆ తోపుడుకి క్యాలిపర్ మొత్తం ఆ రెండు పిన్నుల మీద వెనక్కి జారి బయటి ప్యాడ్‌ని లాక్కొచ్చి అవతలివైపు నొక్కుతుంది. అంటే పిన్నులు జారితేనే రెండు ప్యాడ్లూ సమానంగా పనిచేస్తాయి. పై పిన్ను పట్టేస్తే క్యాలిపర్ సరిగ్గా జరగదు, వంకరగా కూర్చుంటుంది, లోపలి ప్యాడే భారమంతా మోస్తుంది, అది కూడా ఒక మూలే. పైగా బ్రేక్ వదిలాక కూడా పూర్తిగా వెనక్కి రాదు, రాసుకుంటూనే ఉంటుంది, అందుకే ఆ వేడి. ఆ వేడే అసలు భయం. బ్రేక్ ఆయిల్‌కి గాలిలో తేమని పీల్చుకునే గుణం ఉంది, కొత్త డాట్ 4 ఆయిల్ మరగాలంటే కనీసం 230 డిగ్రీలు కావాలి, నీరు పట్టాక 155కి దిగిపోవచ్చు. ఘాటీలో చక్రం దగ్గర ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు, పెడల్ తొక్కితే బుడగ నొక్కుకుంటుంది గానీ బ్రేక్ పడదు. ఆ రోజు మధ్యలో ఆగి చల్లార్చడం ఎంత మంచిదైందో ఇది తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

అంచేత పై బోల్టు తియ్యాల్సిందే.

పానా వేశాను. కదల్లేదు. పానాకి పైపు తొడిగి లాగాను, పానా జారి బోల్టు తల మూలలు కొంచెం గుండ్రంగా అయ్యాయి. అక్కడ ఆపేశాను. ఇంకో రెండుసార్లు లాగి ఉంటే తల పూర్తిగా గుండ్రమైపోయి తర్వాత పానా పట్టేది కాదు. చాలామంది దగ్గర ఉండేది లోపల పన్నెండు మూలలున్న రింగు పానా, అది మామూలు బోల్టులకి చాలు, తుప్పు పట్టినవాటికి మాత్రం ఆరు మూలల సాకెట్ కావాలి. ఆరు మూలలది బోల్టు పలకల్ని పూర్తిగా పట్టుకుంటుంది, పన్నెండుది మూలల్ని మాత్రమే పట్టుకుంటుంది, అందుకే జారుతుంది. ఇంకొక సంగతి, ఈ బోల్టు తల లోపలికి తిరిగి ఉంటుంది, మనం బయట కూర్చుని చెయ్యి వెనక్కి పెట్టి తిప్పుతాం, అప్పుడు వదులు చేసే దిక్కు తారుమారైనట్టు కనిపిస్తుంది. బోల్టు తలకి ఎదురుగా మొహం పెట్టి చూస్తున్నట్టు ఊహించుకుని, గడియారం ముల్లుకి ఎదురు తిప్పాలి. వదులు చేస్తున్నాననుకుని బిగిస్తూ పోతే ఎంత బలవంతుడికైనా విరగడమే మిగులుతుంది.

ఇక మా చిన్న మావయ్యకి ఫోన్ చేశాను. అమ్మ తమ్ముడు, పాతపట్నంలో ఉంటాడు, రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. మా నౌపడ గుణుపురం లైను చిన్న లైనుగా ఉన్నప్పుడు, ఆవిరింజన్లు ఇంకా నడుస్తున్న రోజుల్లో నౌపడలో చేరాడు. ఆ లైను 1900లో మా రాజావారు వేయించింది, పర్లాకిమిడి దాకా, 1931 నాటికి గుణుపురం చేరింది, రెండున్నర అడుగుల పట్టాలు. ఇప్పుడు పెద్ద లైను అయిపోయింది. మావయ్య చేతులు చూస్తే ఆ కాలమంతా అందులోనే ఉంటుంది, వేళ్ళ సందుల్లో నల్లటి గీతలు ఇంకా పోలేదు.

వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గచ్చు మీదే చతికిలబడి టార్చి పెట్టి చూశాడు.

"ఏటల్లుడా, ఏటి పట్టిసింది? బోల్టు పట్టిసిందా, పిన్ను పట్టిసిందా, అది సెప్పు ముందు."

నేను ఆ రెండూ ఒకటే అనుకున్నాను. కాదు. బోల్టు వెళ్ళి పిన్ను లోపలి మరల్లో దిగుతుంది, పిన్ను వెళ్ళి క్యాలిపర్‌ని మోసే బ్రాకెట్ కన్నంలో జారుతుంది. బోల్టు మరల్లో పట్టెయ్యడం ఒక రోగం, పిన్ను కన్నంలో పట్టెయ్యడం ఇంకో రోగం, రెంటికీ మందు వేరు. పిన్ను వదులుగా ఉంటే బోల్టుతో పాటు అదీ తిరిగిపోతుంది, అప్పుడు పిన్ను మెడ దగ్గరున్న పలకల్ని పల్చటి పానాతో పట్టుకుని బోల్టు తిప్పాలి, లేకపోతే రబ్బరు తొడుగు మెలిపడి చిరుగుతుంది. నా దాంట్లో పిన్ను అసలు కదలట్లేదు, బోల్టూ కదలట్లేదు. రెండు రోగాలూ ఉన్నాయి.

"ఇయ్యాల దాన్ని ఒగ్గీ. నూనె యేసి పడుకో" అన్నాడు మావయ్య.

నాకు ఆ పూటే అయిపోవాలని ఉంది, మర్నాడు స్కూలు లేదు కాబట్టి సరే అన్నాను. ముందు వైర్ బ్రష్‌తో బోల్టు చుట్టూ ఉన్న తుప్పు, మట్టి అంతా గీకించాడు, మట్టి మీద నూనె పోస్తే మట్టే తాగుతుంది మరల్లోకి పోదు. తర్వాత తుప్పులోకి దిగే నూనె స్ప్రే. డబ్ల్యూడీ-40 మా ఇంట్లో ఉంది, అదే వాడాం, దీనికోసమే చేసిన పెనెట్రేటింగ్ ఆయిల్ దొరికితే ఇంకా బాగా దిగుతుంది. డిస్క్ మీద పడకుండా చుట్టూ పాత గుడ్డలు కప్పాం. నూనె కొట్టాక సుత్తితో బోల్టు తల మీద నేరుగా చిన్న చిన్న దెబ్బలు, గట్టిగా కాదు, టక్ టక్ టక్ అని ఓ ఇరవై. మా గుంటడు లెక్కపెట్టాడు. తుప్పంటే ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, మరల సందుల్లో ఉబ్బి కూర్చుంటుంది, ఆ దెబ్బలకి అది పొడిపొడిగా పగిలి నూనె దిగడానికి దారి ఇస్తుంది. సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, మళ్ళీ అదే, నూనె, టక్ టక్ టక్.

రాత్రి భోజనాల దగ్గర మావయ్య చిన్న లైను రోజుల గురించి చెప్పాడు, వర్షాకాలంలో మహేంద్రతనయ వైపు నుంచి వచ్చే బండ్లకి బోల్టులన్నీ ఎలా పట్టేసేవో, వాటిని ఒక్కరోజులో విప్పమని ఎవరూ అడిగేవాళ్ళు కాదని. అవన్నీ రాస్తే ఇంకో పోస్ట్ అవుతుంది, రాస్తాను. ఒక మాట మాత్రం ఇక్కడ చెప్పాలి, మావయ్య మాట నేను మార్చకుండా రాస్తున్నాను, పట్టిసింది, ఒగ్గీ, ఇవన్నీ మావే. వాడుక మాటల్లోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, 1936లో ఊరు ఒడిశాలోకి వెళ్ళాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు గానీ మాట ఇక్కడే ఉంది. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, బజార్లో ఒడియా తెలుగు కలిపి మాట్లాడతారు, ఇంట్లో ఈ తెలుగే. సరే, బోల్టు దగ్గరికి వస్తాను.

పొద్దున్నే ఆరు మూలల సాకెట్, పొడవాటి హ్యాండిల్. సాకెట్‌ని తల మీద పెట్టి సుత్తితో ఒక్కటిచ్చి పూర్తిగా కూర్చోబెట్టాడు మావయ్య. నేను వదులు చేసేవైపు తిప్పబోతే ఆపాడు. "ముందు బిగించు" అన్నాడు. ఒక వెంట్రుక వాసి బిగించే దిక్కుకి, ఆ తర్వాత వెనక్కి. మళ్ళీ కొంచెం బిగించు, మళ్ళీ వెనక్కి. మూడోసారో నాలుగోసారో టిక్కుమని చప్పుడైంది. ఆ చప్పుడు బోల్టు విరిగినప్పుడూ వస్తుంది వదిలినప్పుడూ వస్తుంది, నేను ఊపిరి బిగబట్టి మావయ్య మొహం చూశాను, ఆయన తలూపాడు. అక్కణ్ణుంచి కూడా ఒకేసారి తిప్పెయ్యలేదు, పావు తిప్పు వెనక్కి, కొంచెం ముందుకి, మళ్ళీ నూనె, అలా తుప్పు పొడి బయటికి వచ్చేలా తిప్పుకుంటూ తీశాం. బయటికొచ్చిన బోల్టు మరల్లో ఎర్రటి మట్టి, మా ఏటి మట్టి, తిత్లీ నాటిదే. దాన్ని వేలితో తీసి చూశాను, ఇన్నేళ్ళుగా ఇది ఇక్కడ కూర్చుని ఉందా అనిపించింది.

ఒకవేళ తల పూర్తిగా గుండ్రమైపోయి ఉంటే ఒక సైజు చిన్న సాకెట్‌ని సుత్తితో కొట్టి తల మీద ఎక్కించి తిప్పుతారట, అదీ కాకపోతే తల మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేయించి, ఆ నట్టుకి పానా వేసి తిప్పుతారు, వెల్డింగ్ వేడికే సగం పట్టు వదిలిపోతుంది. మాకు ఆ అవసరం రాలేదు.

ఇక పిన్ను. బ్రాకెట్ మొత్తం ఊడదీశాం, దానికి వెనక ఇంకో రెండు పెద్ద బోల్టులు, అవి పెద్దవి కాబట్టి పైపు వేస్తే వచ్చాయి. బ్రాకెట్ చేతిలోకి వస్తే పని బల్ల మీద చేసుకోవచ్చు, బండి కింద దూరి కష్టపడక్కర్లేదు. రబ్బరు తొడుగు అప్పటికే చిరిగి ఉంది, కోసి తీసేశాం. అందులోంచే నీళ్ళు వెళ్ళాయి. పిన్ను తలకి పానా వేసి తిప్పితే ఒక్క వెంట్రుక కదిలింది, అంతే.

"దీనికి మంట కావాల" అన్నాడు మావయ్య. మా వీధి చివర కంసాలి ఉన్నాడు, ఆయన దగ్గర గ్యాస్ టార్చి ఉంటుంది, బ్రాకెట్ పట్టుకుని వెళ్ళాం. ఆయన ఒడియావాడు, చూసి నవ్వి హొయిజిబొ అన్నాడు, అవుతుందిలే అని. ముందు నూనె అంతా గుడ్డతో తుడిచేశాం, నూనె మీద మంట పెట్టకూడదు. బ్రేక్ క్లీనర్ స్ప్రేలు కొట్టిన ఇనుము మీద కూడా మంట పెట్టకండి, కొన్ని రకాల నుంచి విషవాయువు వస్తుంది. మంట పిన్ను మీద కాదు, చుట్టూ ఉన్న బ్రాకెట్ మీద తిప్పాలి, బ్రాకెట్ వేడికి వ్యాకోచించి కన్నం కాస్త పెద్దదవుతుంది, పిన్ను ఇంకా అంత వేడెక్కలేదు కాబట్టి సందు దొరుకుతుంది. వేడి మీద ఉండగానే మావయ్య జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసి పిన్ను పక్కన ఆనించాడు, మైనం కరిగి లోపలికి పీల్చుకుపోయింది, నేను కళ్ళారా చూశాను, నూనె వెళ్ళని చోటికి వేడి మైనం వెళ్ళిపోయింది. పట్టకారుతో బ్రాకెట్ పట్టుకుని పిన్నుని అటూ ఇటూ తిప్పుతూ లాగాడు. వచ్చేసింది. కంసాలి డబ్బులు తీసుకోలేదు, టీ తాగి వెళ్ళమన్నాడు.

పిన్ను మీద గుంతలు పడ్డాయి, గీకి వాడుకోవడానికి లేదు. గుంతలున్న పిన్ను మళ్ళీ పట్టేస్తుంది, పైగా కొత్త తొడుగు అంచు దాని మీద సరిగ్గా కూర్చోదు. పిన్నులు, తొడుగులు, కలిపి కిట్టు అమ్ముతారు, మా ఊళ్ళో దొరకలేదు, బరంపురంలో ఉందంటే మధ్యాహ్నం బస్సుకి వేయించుకున్నాను, రాత్రికి బస్టాండులో చేతికొచ్చింది.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. బ్రాకెట్ కన్నాలు ఉప్పు కాగితంతో శుభ్రం చేసి, ప్యాడ్లు కూర్చునే రేకుల కింద తుప్పు గీకి, కొత్త పిన్నులకి సిలికాన్ గ్రీజు పల్చగా రాసి పెట్టాను. వేలితో తోస్తే జారాయి. పాత ప్యాడ్ల దుమ్ము నోటితో ఊదకూడదు, తడి గుడ్డతో తుడవాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. డిస్క్ మీద గీతలు పడ్డాయి గానీ మందం సరిపడా ఉంది, ఎంత మందం కన్నా తగ్గకూడదో సాధారణంగా డిస్క్ మీదే అచ్చు వేసి ఉంటుంది, కొలిచి చూసుకోండి. పిస్టన్‌ని వెనక్కి తొయ్యాలి, కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కదా. పాత ప్యాడ్‌ని పిస్టన్ మీద అడ్డం పెట్టి సి-క్లాంప్‌తో మెల్లగా బిగిస్తే వెనక్కి పోతుంది, అలా పోతున్నప్పుడు పైన ఆయిల్ డబ్బాలో మట్టం లేస్తుంది, ముందే చూసుకుని కొంచెం తీసెయ్యాలి, పొంగి బాడీ మీద పడితే పెయింటు లేచిపోతుంది. మా ఆవిడ డబ్బా దగ్గర నిలబడి చూస్తూ ఉంది. ఆయిల్ రంగు టీ డికాక్షన్‌లా ఉందని చెప్పింది కూడా తనే, ఆ మర్నాడు మొత్తం పాతది తీయించి కొత్త ఆయిల్ ఎక్కించి గాలి తీయించాను, ఆ పని తెలిసిన మెకానిక్‌తోనే. గాలి మిగిలిపోతే బ్రేక్ ఉండదు, నాకు ఆ పని రాదు.

అన్నీ బిగించాక, ఇది మాత్రం మరిచిపోకండి, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా పది పదిహేను సార్లు తొక్కాలి. పిస్టన్ వెనక్కి ఉంటుంది కాబట్టి మొదటి తొక్కుడు నేల దాకా పోతుంది. గేటు దాటాక ఆ సంగతి తెలిస్తే చాలా ఆలస్యం.

మర్నాడు తెల్లవారకముందే టెక్కలి రోడ్డు ఎక్కాను. పాతపట్నం మీదుగా, నీలమణి దుర్గమ్మ గుడి దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుని, ఖాళీ రోడ్డు చూసుకుని యాభై అరవై స్పీడ్ నుంచి ఇరవైకి తగ్గించడం, మళ్ళీ స్పీడ్ పెంచడం, పూర్తిగా ఆపకుండా, ఓ పది సార్లు, మధ్యలో చల్లారనిస్తూ. కొత్త ప్యాడ్లు డిస్క్‌కి అలవాటు పడాలంటే ఇది చెయ్యాలి, మొదటి రోజే ఘాటీ ఎక్కకూడదు. తిరిగొచ్చాక రెండు ముందు చక్రాల మీదా చెయ్యి పెట్టి చూశాను. రెండూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి.

రెండు వారాల తర్వాత నట్లు మళ్ళీ ఒకసారి బిగించి చూసుకుని రామగిరి వెళ్ళాం, ఈసారి మావయ్య కూడా ముందు సీట్లో కూర్చున్నాడు. దిగేటప్పుడు అద్దం దింపి ఎడమ చక్రం వైపు చెవి పెట్టాడు, ఘాటీ అయిపోయేదాకా ఏమీ మాట్లాడలేదు. కింద చదును రోడ్డు మీదకి వచ్చాక అద్దం పైకెత్తి, "టీ కాడ ఆపు అల్లుడా" అన్నాడు.